నైరుతి మూల లిఫ్టు

నాకు నడుం పట్టేసింది. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషికి అదేమంత వింత కాదు. కానీ డాక్టరు, "ఇక నేల మీద పడుకుని కారు కింద దూరడాలు మానెయ్యండి" అన్నప్పుడు మాత్రం ఒళ్లు మండింది. నా కారు పాతది. దాన్ని ఏ మెకానిక్ షెడ్డుకీ పంపను. పంపితే బాగున్న దాన్ని విప్పి బాగోలేని దాన్ని బిగిస్తారని నా గట్టి అభిప్రాయం. నా భార్య పోయి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో పొద్దున లేచి ఇష్టంగా చేసే పని ఆ కారు పని ఒక్కటే. అది కూడా పోతే బ్రాడీపేటలో మా ఇంటి గోడలకేసి చూస్తూ కూర్చోవాలి.

"సాయానికి ఎవరినైనా పిలవచ్చు కదా" అంటారు బంధువులు. పిలవను. వచ్చినవాడు ముందు నా మొహం చూసి జాలిపడతాడు. తర్వాత వంట ఎవరు చేస్తున్నారని ఆరా తీస్తాడు. స్పానరు అందించడం మాత్రం మర్చిపోతాడు. అందుకే లిఫ్టు పెట్టించుకుందామనుకున్నాను. బటన్ నొక్కితే కారు పైకి లేస్తుంది, నేను నిలబడి పని చేసుకుంటాను, ఎవరినీ అడగక్కర్లేదు.

ఏది కొనాలో తేల్చుకోవడానికే నెల పట్టింది. నాలుగు స్తంభాలది కదలదు మెదలదు, కానీ కారు చక్రాలు దాని మీదే ఆనుతాయి కాబట్టి బ్రేకుల పనికి మళ్లీ జాకీ వెతుక్కోవాలి. కత్తెరలా ముడుచుకునేది చోటు తక్కువ తీసుకుంటుంది, కానీ సరిగ్గా చెయ్యి పెట్టాల్సిన చోటే అడ్డం వస్తుంది. చివరికి రెండు స్తంభాలది ఖాయం చేశాను. కారుకు చెరోపక్కా ఒక స్తంభం, రెండిటినీ నేలకు బోల్టులతో బిగించాలి. ఇంటి పక్కన కారు పెట్టుకునే షెడ్డు రేకుల ఎత్తు కొలిచాను, కారు ఎత్తు కొలిచాను, ఇంటి కరెంటుకు సరిపోయే మోటారు చూసుకున్నాను. అమ్మే ఆయన ఫోన్లో "కింద కాంక్రీటు గట్టిదేనాండి?" అని అడిగితే, "ఏనుగును నిలబెట్టినా కదలదు" అన్నాను. అప్పటికి నిజంగానే అలా అనుకున్నాను.

బిగించడానికి విజయవాడ నుంచి ఫిట్టరు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మాట తక్కువ. మొదటి స్తంభం దగ్గర డ్రిల్లు పెడితే కాంక్రీటు పొడి మా ఇద్దరి తలలూ తెల్లగా చేసింది. రెండో స్తంభం నైరుతి మూలకు వచ్చింది. అక్కడ డ్రిల్లు రెండంగుళాలు దిగి, ఒక్కసారిగా లోపలికి జారిపోయింది. బయటికి లాగితే మొనకు నల్లమట్టి అంటుకుని ఉంది.

"మాస్టారండి, ఇక్కడ కింద ఏముందండి?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనడం కూడా అబద్ధమే, కావాలని మర్చిపోయిన సంగతి అది. అక్కడ ఒకప్పుడు మనిషి లోతు గొయ్యి ఉండేది. కారు కింద పని చేసుకోవడానికి నేనే తవ్వించుకున్నాను. నా భార్యకు జబ్బు ముదిరినప్పుడు బంధువులెవరో ఒక సిద్ధాంతి గారిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన ఇల్లంతా తిరిగి షెడ్డులో ఆగారు. నైరుతిలో గొయ్యి ఇంటి ఇల్లాలికి మంచిది కాదు, వెంటనే పూడ్చెయ్యండి, అదీ సొంత పొలం మట్టితోనే పూడ్చండి అన్నారు. నేను వాస్తు నమ్మను. క్లాసులో పిల్లల ముందు దాన్ని ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు. మర్నాడే పర్చూరు దగ్గర మా చేలోంచి ట్రాక్టరుతో రేగడి తెప్పించి పూడ్పించాను.

మా వైపు ఇల్లు కట్టేవాడెవడూ పునాదిలో రేగడి వెయ్యడు, ఎర్ర గ్రావెల్ పోస్తాడు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది. పత్తికీ మిరపకీ అంత మంచి నేల లేదు గానీ, దాని మీద బరువు నిలపకూడదు. ఇది తెలియడానికి చదువు అక్కర్లేదు. ఇంత చదివిన నేను ఆ మట్టే పోయించి, పైన పల్చగా సిమెంటు పూయించి, ఆ తర్వాత అటు చూడటం మానేశాను.

ఆ రోజు ఆవిడ మంచం మీద నుంచే ట్రాక్టరు చప్పుడు విని, "గొయ్యి పూడిస్తే మీరు కారు కిందికి ఎలా వెళ్తారండీ?" అంది.

"నువ్వు లేచాక మళ్లీ తవ్విద్దాంలే" అన్నాను.

నెల తిరక్కుండానే పోయింది.

ఫిట్టరుకు ఇదంతా చెప్పలేదు. పాత గొయ్యి అన్నాను, అంతే.

"ఆ మట్టంతా తీసేసి, గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించి, ఇనప కమ్మీ కట్టి కాంక్రీటు పోయించండి. నెల ఆగాక నేనొచ్చి బిగిస్తాను. ఇట్టాగే పెడితే స్తంభం ఒరుగుద్దండి" అన్నాడు.

ఇద్దరు కూలీలు రెండు రోజులు తవ్వారు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆపెయ్యండి అని చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఆ మట్టి అక్కడున్నంతకాలం, ఆవిడ కోసం చెయ్యగలిగిందంతా చేశానని నాకు నేను చెప్పుకోవడానికి ఒకటుండేది. ఇప్పుడు దాన్ని తట్టలకెత్తి గేటు బయట పోస్తున్నారు. నమ్మనివాడికి ఇంత బాధేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. ఏడుపొచ్చింది. మంచినీళ్లు తెస్తానని చెప్పి లోపలికి వెళ్లాను.

నెల తర్వాత ఫిట్టరు వచ్చి రెండు స్తంభాలూ బిగించాడు, మట్టం చూశాడు, కారును రెండుసార్లు ఎత్తి దించాడు. వెళ్లబోతూ జాగ్రత్తలు చెప్పాడు.

"లాకు పడిన చప్పుడు వినపడ్డాకే కిందికెళ్లండి. ఇంకోటి మాత్రం మర్చిపోవద్దండి. మీరు కింద ఉన్నప్పుడు ఇంట్లో ఇంకో మనిషి ఉండాలండి, పిలిస్తే పలికేంత దూరంలో. ఎవరో ఒకరు ఉంటారు కదండీ?"

"ఉంటారు" అన్నాను.

అతను వెళ్లాక బటన్ నొక్కాను. కారు మెల్లగా లేచింది, లాకు పడింది. స్పానరు పట్టుకుని కిందికి వెళ్లాను. నడుం వంచక్కర్లేదు, మెడ ఎత్తితే చాలు, అన్నీ చేతికందే ఎత్తులో ఉన్నాయి. నేను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఊరికే, పరీక్షకన్నట్టు, "ఇదిగో, వినపడుతోందా?" అని గట్టిగా పిలిచాను. ఎవరూ పలకరని తెలుసు. అయినా కాసేపు ఆగాను.

ఒక్క బోల్టు కూడా విప్పకుండా కారు కిందికి దించేశాను.

మర్నాడు ఫిట్టరుకు ఫోన్ చేశాను. కారు లేచేటప్పుడు ఏదో శబ్దం వస్తోంది, ఒకసారి వచ్చి చూస్తారా అన్నాను. ఎలాంటి శబ్దమండి అని అడిగాడు. నాకు తెలిసిన శబ్దాల్లో కాస్త భయపెట్టేదాన్ని ఎంచి చెప్పాను. గురువారం పొద్దున వస్తానన్నాడు. శబ్దమూ లేదు, పాడూ లేదు. ఆ పూట నేను కారు కింద పని చేసుకోవచ్చు, ఇంట్లో ఇంకో మనిషి ఉంటాడు.