వ్యవస్థాపక దొరగారి నుదుటి బొట్టు

ఆ రోజుల్లో, అంటే నేను నార్త్ కరోలినాలో ఎం.ఎస్. వెలగబెడుతూ, వారానికి ఇరవై గంటలకు మించి పనిచెయ్యనివ్వని స్టూడెంట్ వీసా మీద బతుకుతున్న రోజుల్లో, నాకు చేతకాని పని లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. వంట రాదు, డ్రైవింగ్ రాదు, ఇంగ్లీషులో ఫోన్ చెయ్యాలంటే మాట్లాడేదంతా ముందు కాగితం మీద రాసుకోవాలి. అయినా నమ్మకానికి మాత్రం ఏ లోటూ లేదు. ఇప్పుడు ఆ మూడూ వచ్చు. నమ్మకమే ఎక్కడో జారిపోయింది.

మా బ్యాచ్‌లో అందరూ డైనింగ్ హాల్లో గిన్నెలు కడుగుతుంటే, నాకు మాత్రం లైబ్రరీ బేస్‌మెంట్‌లోని పాతకాలపు ప్రింటింగ్ ల్యాబ్‌లో అసిస్టెంట్‌షిప్ దొరికింది. ఇంటర్వ్యూలో, "మా బాబాయికి తెనాలిలో ప్రెస్సు ఉంది, నేను అక్కడే పెరిగాను" అని చెప్పాను. బాబాయికి ప్రెస్సు ఉన్నమాట నిజమే, శుభలేఖలు, కరపత్రాలు వేసేవాడు. నేను అక్కడ పెరిగిన మాటా కొంతవరకు నిజమే (ప్రెస్సు పక్కనే మిరపకాయ బజ్జీల బండి ఉండేది. పెరిగింది ఆ బజ్జీలు తిని). ఆ ఉద్యోగం ఉన్నంతకాలం నాకు ఫీజు మాఫీ. అది పోతే తరవాతి సెమిస్టర్ ఉండదు, పెట్టె సర్దుకుని తెనాలి రైలెక్కడమే.

మా బాసు డెబ్భై ఏళ్ళ అమెరికన్ పెద్దాయన. మెడలో తాడుకి ఒక చిన్న భూతద్దం వేలాడుతూ ఉండేది కాబట్టి మేం ఆయన్ని భూతద్దం తాత అనుకునేవాళ్ళం. ఆయనకి ఒక ఆరాధ్య దైవం ఉండేవాడు. వందేళ్ళ కిందటి జర్మన్ రసాయన శాస్త్రవేత్త. ఆ కాలంలో ఫోటో పలకలకి రంగులు సరిగ్గా ఆనేవి కావట. పసుపు చీర కట్టుకుని ఫోటో దిగితే నల్లచీరలా వచ్చేదట. ఈ జర్మన్ ఆయన పలకల మీద పూసే మందులో ఏవేవో రంగుమందులు కలిపి, పసుపుకి దాని వెలుగు దానికి దక్కేలా చేశాడు. "పసుపుని చీకట్లోంచి బయటికి తెచ్చిన మనిషి!" అని తాత భూతద్దం పైకెత్తి మరీ చెప్పేవాడు. పసుపు విషయంలో ఒక తెలుగుపిల్లకి ఒక దొర పాఠం చెప్పడం ఏమిటి అని నాకు లోపల కొంచెం నవ్వొచ్చేది.

అంతటితో అయిపోలేదు. రంగుల బొమ్మ అచ్చు వెయ్యాలంటే పసుపుకొకటి, ఎరుపుకొకటి, నీలానికొకటి మూడు లోహపు పలకలుండాలి. ఒక్కో పలక నిండా సన్నటి చుక్కలు. మూడు పలకల చుక్కలూ ఒకే వరసలో ఉంటే బొమ్మంతా అలలు అలలుగా పాడైపోతుంది. ఒకే వాకిట్లో ముగ్గురు తోడికోడళ్ళు ఒకరి ముగ్గు మీద ఒకరు ముగ్గేసినట్టు. అందుకని ఒక్కో పలక చుక్కల వరసని ఒక్కో వాలులో తిప్పాలి. ఈ కిటుకు పట్టినవాళ్ళలో కూడా మన జర్మన్ ఆయన ముందువరసలో ఉన్నాడట. తాత ఇది నాకు వారానికి రెండుసార్లు చెప్పేవాడు. నేను రెండుసార్లూ "వావ్" అనేదాన్ని.

ఆ అక్టోబరులో జర్మన్ ఆయన పనితనం మీద ఒక ప్రదర్శన పెట్టారు. అతిథుల ముందు, పాత చేతిప్రెస్సు మీద, మా యూనివర్సిటీ వ్యవస్థాపక దొరగారి బొమ్మని మూడు రంగుల్లో అచ్చు వెయ్యాలి. ముఖ్య అతిథి ఆ దొరగారి మునిమనవరాలు. మా ల్యాబ్ నడిచేదే ఆవిడ దయ మీద. "ఇది సజావుగా జరిగితే వచ్చే సెమిస్టర్‌కి కూడా నువ్వే" అన్నాడు తాత.

సరిగ్గా ప్రదర్శన ముందురోజు ఆయుధపూజ వచ్చింది. నా రూమ్మేట్‌ది కరీంనగర్. ఆమెని మేం పూజారమ్మ అనేవాళ్ళం. రైస్ కుక్కర్‌కి బొట్టు, లాప్‌టాప్‌కి బొట్టు, ఆఖరికి పాస్‌పోర్టు దాచుకున్న ఫైలుకి కూడా బొట్టు పెట్టిన మనిషి.

"రేపు గంత పెద్ద పని వెట్టుకొని, ఇయ్యాల మిషన్‌కు పూజ చెయ్యవా? నీకేమన్న బుద్ధుందానే?" అంది.

"అది మ్యూజియం పీస్ తల్లీ. ముట్టుకోవాలంటేనే గ్లవ్స్ వేసుకోవాలి."

"గ్లవ్స్ ఏస్కొనే వెడ్త తియ్. మీ బాబాయ్ ప్రెస్సుల చెయ్యరా ఏంది?"

అక్కడ దొరికిపోయాను. బాబాయి ప్రెస్సులో ఆ రోజు మిషన్‌కి దండ వేసి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, అప్పటిదాకా దాన్ని తిట్టిన తిట్లన్నిటికీ కలిపి దణ్ణం పెట్టేవారు. పైగా నాకు లోపల భయంగానే ఉంది. భయపడ్డవాళ్ళకి పూజ వద్దనే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

తాత సరిగ్గా పన్నెండింటికి శాండ్‌విచ్ పట్టుకుని బయట బెంచీ మీదకి వెళ్ళేవాడు. ఆయన అటు వెళ్ళగానే మేం ఇటు దిగాం. పూజారమ్మ అగరుబత్తి తీస్తే నేను లాక్కున్నాను (ఆ బేస్‌మెంట్‌లో గట్టిగా ఆవలిస్తేనే ఫైర్ అలారం మోగేది). పసుపు తడిపి ప్రెస్సుకి మూడు గీతలు గీసింది, కుంకుమ పెట్టింది. నిమ్మకాయ ఎక్కడ పెట్టాలో కాసేపు చర్చ జరిగింది. కారుకైతే చక్రాలుంటాయి, దీనికి లేవు. చివరికి రోలరు కింద ఒక మూలకి తోసింది.

"మరి గీ పలకలకు? గివ్వేం పాపం చేసినయే?"

మూడు పలకలూ బల్లమీద వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీదా గడ్డంతో దొరగారు. ఈ పని నేనే చేస్తానన్నాను. గ్లవ్స్ వేసుకున్న ఉంగరపు వేలుతో పసుపు తీసుకున్నాను. ఏ మూలో పెట్టి ఉంటే ఈ కథ లేకపోయేది. కానీ ఎదురుగా ముఖం కనిపిస్తుంటే మన చెయ్యి ఇంకెక్కడికి పోతుంది? మూడు నుదుళ్ళ మీదా శుభ్రంగా పసుపు పెట్టి, దాని మీద కుంకుమ దిద్ది, దణ్ణం పెట్టుకున్నాను. తరవాత పొడిగుడ్డతో అంతా తుడిచేశాం. పైకి పోయింది. చుక్కల మధ్య గుంటల్లో ఇరుక్కున్నది మాకు కనబడలేదు. కనబడాలంటే భూతద్దం కావాలి.

మర్నాడు నలభైమంది దాకా వచ్చారు. మునిమనవరాలు తెల్లటి జుట్టుతో, మెడలో ముత్యాలతో ముందు వరసలో కూర్చుంది. పూజారమ్మ వెనక నిలబడి నాకు బొటనవేలు చూపించింది. తాత పద్ధతి తప్పని మనిషి. పాతకాలంలో పలకలు చాకలిసోడా కలిపిన నీళ్ళతో తుడిచేవారని, తనూ సోడా నీళ్ళలో గుడ్డ ముంచి, జర్మన్ ఆయన గురించి చెబుతూ, జనం వైపే చూస్తూ పలకల్ని తుడిచాడు. పసుపులో సున్నం పడితే ఏమవుతుందో పెళ్ళి పారాణి చూసిన ఎవరికైనా తెలుసు. సోడా నీళ్ళూ అదే పని చేస్తాయని నాకు ఆ రోజు తెలిసింది.

మొదట పసుపు రంగు పలక. తడి కాగితం వేసి, పిడి తిప్పి, కాగితం ఎత్తాడు. లేత పసుపులో దొరగారు. నుదుటి మీద మాత్రం గుండ్రంగా, ఎర్రగా, నిండుగా బొట్టు.

"మా ముత్తాత నుదుటి మీద అదేమిటి?" అంది మునిమనవరాలు.

తాత భూతద్దం కంటికి ఆనించి కాగితం మీదకి వంగాడు. ఆయన లేచేలోగా ఏదో ఒకటి అనాలి. "అది గుర్తండీ!" అన్నాను. "మూడు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవడానికి." అలాంటి గుర్తులు నిజంగానే ఉంటాయి. బొమ్మ బయట, అంచుల్లో ఉంటాయి. నుదుటి మీద ఉండవు.

"ఎంత తెలివైన ఏర్పాటు!" అని ఆవిడ మురిసిపోయింది. తాత నా వైపు ఒక్కసారి చూశాడు. అదే కాగితం మీద ఎర్రరంగు పలక వేశాడు. రెండో బొట్టు పడింది, మొదటిదానికి ఎడమ పక్కన. నీలం పలక వేశాడు. మూడోది కనుబొమ్మ మీద పడింది.

"గుర్తులు ఒకదాని మీద ఒకటి పడాలన్నావు కదా?" అంది మునిమనవరాలు. "పడలేదేం?"

"నేను నలభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను" అన్నాడు తాత మెల్లగా. "ఈ గుర్తు సంగతి నాకూ తెలియదు. చెప్పమ్మా, నేనూ నేర్చుకుంటాను."

వెనకనుంచి పూజారమ్మ ఆగలేక, "గుడ్ లక్ మేడమ్! ఫర్ గుడ్ లక్!" అని అరిచింది.

ఇంక నావల్ల కాలేదు. మొత్తం కక్కేశాను. మావాళ్ళు ఏడాదికోరోజు పనిముట్లకి పూజ చేస్తారని, అన్నం పెట్టే వస్తువుని ఊరికే వాడుకోకూడదని, ముఖం కనబడితే చెయ్యి నుదుటికే పోయిందని, నాకు చాలా భయం వేసి చేశానని, ఈ ఉద్యోగం పోతే నాకు చదువు లేదని. కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎవరూ అడక్కపోయినా బజ్జీల బండి సంగతి కూడా చెప్పేశాను. నిమ్మకాయ గురించి చెబుతుంటే తాత ఏప్రాన్ జేబులో చెయ్యి పెట్టి, అప్పడంలా అణిగిపోయిన నిమ్మకాయ తీసి బల్లమీద పెట్టాడు.

"పొద్దున్న దొరికింది" అన్నాడు. "ఎవరి లంచ్‌లోదో అనుకున్నాను."

ముందు నవ్వింది మునిమనవరాలే. ముత్యాలు గలగలలాడేట్టు నవ్వింది. ఆ దొరగారు బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఎవర్నీ నవ్వనివ్వలేదట. మూడు బొట్ల కాగితం ఎవరికీ ఇవ్వకుండా తనే పట్టుకుపోయింది. పోతూ పోతూ తన కారుకి కూడా ఏమైనా చెయ్యాలా అని పూజారమ్మని అడిగింది. పూజారమ్మ పర్సులోంచి కుంకుమ పొట్లం తీసుకుని ఆవిడ వెనకాలే పార్కింగ్ లాట్‌కి పరిగెత్తింది.

నాకు శిక్ష పడింది. రెండు వారాలు పళ్ళబ్రష్షుతో పలకల గుంటలు తోమాను. తాత పక్కన కూర్చుని పసుపులో సోడా నీళ్ళు మళ్ళీ మళ్ళీ పోయించుకుని, అది ఎర్రబడినప్పుడల్లా చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆ నెలాఖరున నా రెన్యువల్ ఫారం నింపి నా చేతికే ఇచ్చాడు. పనితనం అన్నచోట "ఫరవాలేదు" అని, శుభ్రత అన్నచోట "దేవుడే కాపాడాలి" అని రాశాడు. ప్రత్యేక లక్షణాలు అన్న గడిలో మాత్రం, "ఈ అమ్మాయికి అబద్ధం నిలబెట్టడం చేతకాదు. అందుకే కావాలి" అని రాసి సంతకం పెట్టాడు.

ఇప్పుడూ నార్త్ కరోలినాలోనే, మోరిస్‌విల్‌లో ఉంటూ పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్ చేస్తున్నాను. మొన్న క్లయింట్ డెమోలో ఆకుపచ్చగా రావలసిన బటన్ నిండు ఎరుపులో వచ్చింది. "ఇదేమిటి?" అన్నారు. "బై డిజైన్, కావాలనే అలా పెట్టాం" అన్నాను. గొంతు వణకలేదు, చెమట పట్టలేదు, అందరూ తలలూపి తరవాతి స్లైడుకి వెళ్ళిపోయారు. మీటింగ్ అయ్యాక చాలాసేపు నవ్వుకున్నాను, కొంచెం సిగ్గు కూడా వేసింది. తాత ఇప్పుడు నా ఫారం నింపాల్సి వస్తే ఆ ప్రత్యేక లక్షణాల గడి దగ్గర పెన్ను ఎత్తి, నా ముఖంలోకి ఒకసారి చూసి, ఖాళీగా వదిలేసేవాడు.