ఆఖరి డ్యూటీకి గంజి

రత్నకుమారికి రెండే పిచ్చులు, ప్రార్థన ఒకటి, గంజి ఒకటి. ప్రార్థన సంగతి దేవుడికే తెలియాలి గానీ, గంజి సంగతి రాయపూర్ పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ వార్డంతటికీ తెలుసు. పిఠాపురం నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చిన ముప్పయ్యయిదేళ్ళలో ఆవిడ తెల్లచీర ఒక్కనాడూ నలిగింది లేదు. తర్వాత వచ్చిన పిల్లలంతా సల్వారు మీద తెల్లకోటుకి మారిపోయారు. చివరికి చీర కట్టే నర్సు ఈవిడ ఒక్కతే మిగిలింది. ఆ చీర గుమ్మంలో కనబడితే చాలు, రోగుల తాలూకు జనం లేచి నిలబడేవారు. "ఏమీ ముట్టుకోవద్దు, సిస్టర్ వచ్చేదాకా కూర్చోండి" అన్నది ఆవిడ వాళ్ళకి నేర్పే మొదటి పాఠం.

తొంభై ఎనిమిది ఆగస్టు ముప్పయ్యొకటి, సోమవారం, ఆవిడ ఆఖరి డ్యూటీ. ఆ ఒక్కరోజూ సిస్టర్‌లా నడిచి బయటికి రావాలని ఆవిడ కోరిక. అంతకు మించి ఎవరినీ ఏమీ అడగలేదు పాపం.

మణికట్లు వాచి రెండేళ్ళయింది, బట్టలు పిండాలంటే ప్రాణం మీదికొచ్చేది. అందుకే భర్త ఐజాక్ ఆ మధ్య గాజు తలుపున్న వాషింగ్ మెషీన్ కొన్నాడు. ఇన్నాళ్ళూ అందులో దుప్పట్లే వేసింది. డ్యూటీ చీరలు ఆ యంత్రానికి అప్పగించడానికి మనసొప్పక, నొప్పి ఓర్చుకుని చేత్తోనే ఉతుక్కునేది. ఆదివారం పొద్దున నొప్పి మరీ ఎక్కువై, ఇక తప్పక, ఉన్న రెండు చీరలూ లోపల పడేసింది. రేపు ఫోటో తీస్తారు కదా, కొంగు గట్టిగా నిలబడాలని గంజి చిక్కగా కాచింది. చర్చికి టైమైపోతోందని వడకట్టకుండా, మెతుకులతో సహా, సబ్బుపొడి వేసే అరలో పోసేసి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి మెషీన్ కీచుమంటోంది. పైన ఎర్రగా ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన రెండు అంకె.

"ఈ రెండు అంటే ఏంటండీ?" అని మొగుణ్ణి అడిగింది.

ఐజాక్ రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు చేసి రిటైరైన మనిషి. వ్యాగన్లే విప్పి బిగించినవాడికి ఇదో లెక్కా అన్నట్టు చొక్కా చేతులు మడిచాడు. ప్లగ్గు తీసి పెట్టాడు. ఈ రెండు. కొళాయి కట్టేసి మళ్ళీ తిప్పాడు. ఈ రెండు. మెషీన్ నెత్తిన రెండు గుద్దులు గుద్దాడు. అయినా ఈ రెండే. పుస్తకం తెరిస్తే ఆ అంకెకి ఎదురుగా, సర్వీసువాళ్ళని పిలవమని హిందీలో ఒక్క ముక్క రాసుంది. ఫోను చేస్తే అవతల మోగుతూనే ఉంది, ఆదివారంనాడు ఎత్తేవాడెవడు? చివరికి తలుపు పట్టుకుని బలంకొద్దీ లాగితే పిడి ఊడి చేతికొచ్చింది.

"వదిలెయ్యండి. గాజు పగిలితే చీరలు కూడా దక్కవు" అంది రత్నకుమారి. ఆ గొంతు విని ఐజాక్ పిడిని మెల్లిగా కింద పెట్టాడు.

పక్క క్వార్టర్లో టీవీలు బాగుచేసే సత్తిరాజుని పిలుచుకొచ్చారు. అతను వంగి సబ్బు అరని వాసన చూశాడు.

"గంజేమైనా పోశారేంటండీ, సిస్టరమ్మా?"

ఆవిడ తలూపింది.

"అదేనండి. నీళ్ళు పోయే పైపులో జామ్ అయిపోయుంటదండి. పానీ పోకపోతే తలుపు ఖుల్లా అవ్వదు. కంపెనీవాడు రేపు పదింటికి గాని రాడు. అందాకా ఏమీ ముట్టుకోకండి. కూర్చోండి."

ఆవిడ స్టూలు లాక్కుని మెషీన్ ముందు కూర్చుంది. గాజు వెనక, బెత్తెడు దూరంలో, గంజినీళ్ళలో రెండు చీరలూ ముద్దగా పడున్నాయి. కొత్తది కొందామంటే బట్టల కొట్లు మూసేశారు. ఎరువడుగుదామంటే తెల్లచీర కట్టే నర్సు మరొకతె లేదు. ముప్పయ్యయిదేళ్ళపాటు ఎంతమందికి ధైర్యం చెప్పిందో, ఆ పూట తనకి చెప్పుకోవడానికి ఒక్క మాటా దొరకలేదు. ఒళ్ళుమండి, చేతకాక, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సోమవారం పొద్దున నీలం వాయిలు చీర కట్టుకుని డ్యూటీకి వెళ్ళింది. తోటి నర్సులు ఏం ఫర్వాలేదన్నారు.

తెల్లవారుజామున ఎవరో పల్లెటూరి పిల్లని తెచ్చి చేర్చారు. ఆ మంచం దగ్గర సెలైను సీసా అడుగంటుతోంది. రత్నకుమారి అలవాటుగా వెళ్ళి చెయ్యి చాపింది. పక్కన బల్ల మీద కూర్చున్న ముసలామె, వచ్చిందగ్గర్నుంచీ నర్సులు చెప్పినమాట బుద్ధిగా పాటిస్తున్న మనిషి, గబుక్కున ఆ వాచిన మణికట్టు పట్టుకుంది.

"ఝన్ ఛూ, దాయీ. సిస్టర్‌లా ఆవన్ దే" అంది. ముట్టుకోకమ్మా, సిస్టర్‌ని రానీ అని.

సిస్టర్‌ని నేనే అనబోయి రత్నకుమారి తన నీలం చీర వంక చూసుకుంది. ఇంతలో తెల్లకోటు అమ్మాయి ఒకతె వచ్చి సీసా మార్చి వెళ్ళిపోయింది. ముసలామె నిశ్చింతగా చెయ్యి వదిలి, కాస్త జరిగి, బల్ల మీద చోటిచ్చింది.

రత్నకుమారి కూర్చుంది.