గంధం నీళ్ల సీసా

మా ఫ్రిజ్‌లో, మామిడికాయ తొక్కు డబ్బా వెనక, నీలం రంగు సీసా ఒకటి ఉంది. మా అని ఇంకా నోటికి వస్తుంది గానీ ఈ ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. సీసా మీద ఇంగ్లీషులో శాండల్‌వుడ్ హైడ్రోసాల్ అని రాసి ఉంటుంది. గంధపు చెక్క ముక్కలకు ఆవిరి పట్టించి నూనె తీస్తారట. ఆవిరి చల్లారినప్పుడు నూనెతో పాటు దిగే నీళ్లే ఇవి. నూనె కొనగలిగిన వాళ్లు నూనె కొంటారు, నాలాంటి వాళ్లు నీళ్లు కొంటారు. ముఖానికి మెరుపు వస్తుందని, వయసు వెనక్కి పోతుందని సీసా వెనక చిన్న అక్షరాల్లో తెగ పొగుడుకున్నారు. బీర్కూర్ బళ్లో పిల్లల మీద అరిచి అరిచి, సాయంత్రం బస్సులో నిలబడి బాన్సువాడకు వచ్చే టీచరును. ఈ వయసులో నాకు మెరుపు ఎందుకు?

నేను కొన్నది మెడ కోసం. ఆయన పోయాక, పుస్తెలతాడు ఉండే చోట చర్మం పొడిబారి దురద మొదలైంది. దవాఖానలో ఇచ్చిన మందుకు దురద తగ్గింది, మంట మిగిలింది. బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపులో చల్లగా ఉండేది ఏదైనా ఇమ్మంటే, అక్కడి అమ్మాయి ఈ సీసా చేతిలో పెట్టింది.

"గిది కొట్టుకొని సూడండి మేడం. జిడ్డు ఉండది. మరక గూడ పడది," అంది.

మరక పడదన్న మాటకే నేను సీసా కొన్నాను. ఎందుకో చెప్పాలి. మా దిక్కు ఏ శుభకార్యానికి పోయినా గడపలోనే ఆడవాళ్లకు బొట్టు పెట్టి, మెడకు గంధం రాస్తారు. ఒకసారి రాసినామెకు మళ్లీ రాయరు. ఆయన ఉన్నన్నాళ్లు నాకు ఆ గంధమంటే విసుగు, జాకెట్టు ఖరాబవుతుందని "చాలు చాలు" అనేదాన్ని. ఇప్పుడు ఆ చెయ్యి నా ముందున్నామె దగ్గర ఆగుతుంది, నన్ను దాటి నా వెనకామె దగ్గర మళ్లీ మొదలవుతుంది. వాళ్లేం చెడ్డవాళ్లు కాదు. నాకు ఫ్యాను కింద కుర్చీ వేస్తారు, భోజనానికి ముందే పిలుస్తారు. మర్యాదలన్నీ చేస్తారు, చెయ్యి మాత్రం తగలనివ్వరు.

అందుకే ఆ సీసా. పొద్దున స్నానం కాగానే మెడకు కొట్టుకునేదాన్ని. అగరుబత్తి వాసన కాదు, సబ్బు వాసన అసలే కాదు. గంధం అరగదీసి సాన కడిగేశాక రాయికి కొంచెం మిగులుతుందే, ఆ వాసన. ఎక్కువ కొట్టుకుంటే తప్ప బస్సు ఊరు దాటేలోపే పోయేది. మంట చల్లారేది. రోజు మొత్తంలో నా మెడను పలకరించేది అదొక్కటే. ఎవరైనా చూస్తే "మొగడు పోయినామెకు సోకులేంది" అంటారని తొక్కు డబ్బా వెనక దాచాను. మా ఇంటికి వచ్చి ఫ్రిజ్ తెరిచేవాళ్లు ఎవరున్నారని దాచానో మరి.

కింది వాటాలో ఇంటి ఓనరమ్మ ఉంటుంది. ఆమె కోడలిది బిచ్కుంద. డాబా మీద బట్టలు ఆరేయడానికి వచ్చి, నాతో ముచ్చట్లు పెట్టి, ఆరిన బట్టలు మరిచి దిగిపోయే పిల్ల. కడుపుతో ఉంది. శ్రీమంతానికి వారం ఉందనగా ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"అక్కా, నువ్వు రావాలె."

"వస్తగాని, ఎన్కకు కూసుంట."

"ఎన్కకేంది? నా కాడికి రావాలె. నీ మెడకు గంధం నేనే రాస్త. మా అత్తమ్మకు గూడ చెప్పిన, నువ్వన్న పెట్టు, లేకుంటే నేనన్న పెడ్త అని."

"పిచ్చిమాటలు మాట్లాడకు, పో," అని కసిరాను.

కసిరానే గానీ వారమంతా నాకు అదే ధ్యాస. నాకు కావాలి. దాచుకోవడం దేనికి, చాలా కావాలి. ఇంకో మనిషి వేళ్లు నా మెడకు తగిలి ఎన్నాళ్లయిందో.

శ్రీమంతం రోజు ఎండకు మెడ ఎర్రబడి, గరుకుగా తేలింది. ఆ పిల్ల మెత్తటి వేళ్లకు ఈ గరుకు తగులుతుందని సిగ్గేసింది. సీసా తీసి కొట్టుకున్నాను. ఆరాక మళ్లీ కొట్టుకున్నాను. బయల్దేరబోతూ ఇంకోసారి. పైన కొంగు కప్పుకుని కిందికి దిగాను.

గడపలో ఓనరమ్మ గంధం గిన్నెతో నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వి, "రా రా, లోపల ఫ్యాను కింద కూసో," అంది. నా వెనకామెకు గంధం రాసింది. నేను ఫ్యాను కింద కూర్చున్నాను. ఆడవాళ్లంతా వెళ్లి అక్షింతలు వేసి వస్తున్నారు. పిల్ల రెండు చేతుల నిండా గాజులతో కుర్చీలో కూర్చుని, మధ్యమధ్య నన్నే చూస్తోంది. జనం పలచబడ్డాక చేత్తో పిలిచింది. లేచి వెళ్లి వంగాను.

పక్కనున్న గంధం గిన్నెలో రెండు వేళ్లు ముంచింది. ఇంకో చేత్తో నన్ను దగ్గరికి లాక్కుంది. అక్కడే ఆగిపోయింది.

"అక్కా, గంధం వాసనొస్తుంది! మా అత్తమ్మ పెట్టిందా నీకు?"

నేను నోరు తెరిచేలోపే దాని కళ్లు నిండిపోయాయి.

"నేను చెప్పలే? పైకి గట్లుంటది గని ఆమె మంచిదే అక్కా. ఎంత కొట్లాడిన్నో ఎరుకనా ఆమెతోని!"

ఆ ముఖం చూస్తూ కాదనడం నా వల్ల కాలేదు.

"అవు, పెట్టింది," అన్నాను.

గంధం అంటిన ఆ రెండు వేళ్లు, ఆలస్యంగా వచ్చి ఇంకా గంధం లేకుండా నా వెనక నిలబడ్డామె మెడకు పోయాయి. నేను అక్షింతలు వేసి, కొంగు సరిగ్గా కప్పుకుని, మెట్లెక్కి పైకొచ్చేశాను. తలుపు వేసుకుని ఏడ్చాను.

పురుడు బిచ్కుందలో అయింది. ఇంక కొన్నాళ్లకు బిడ్డతో వచ్చాక కింద తొట్టెల పండుగ చేస్తారు, గడపలో మళ్లీ గంధం గిన్నె ఉంటుంది. సీసా తొక్కు డబ్బా వెనకే ఉంది, సగానికి పైగా నీళ్లున్నాయి. మెడ మండుతూనే ఉంది. పొద్దున స్నానం కాగానే చెయ్యి ఫ్రిజ్ దాకా పోతుంది, తలుపు తీయకుండానే వెనక్కి తీసుకుంటాను. ఈసారి ఆ పిల్ల నన్ను దగ్గరికి లాక్కుంటే నా దగ్గర ఏ వాసనా రాకూడదు.