సూళ్లూరుపేటలో అక్కకు పడవ కొన్న రోజు

మా అక్క పార్వతికి ఈత రాదు. అయినా చెరువు నిండిన దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే లారీ ట్యూబు మీద పలక కట్టుకుని, నీళ్ల నడిమికి వెళ్లి చేపలకు మేత కట్టి వస్తోంది. పాకాల దగ్గర వాళ్ల ఊరి చెరువులో చేపల హక్కు వేలంలో పాడుకున్నది మా బావ. మేత కట్టేది మాత్రం అక్క. తవుడూ చెనక్కాయ చెక్కా కలిపిన సంచులను నీళ్లలో పాతిన గుంజలకు వేలాడదీయాలి. పోయిన వారం ట్యూబు తిరగబడింది. అక్క చేతికందిన కంప కొమ్మ పట్టుకుని కేకలు పెడితే, కట్ట మీద పోయేవాళ్లు తాడు విసిరి లాగారు. గీరుకుపోయిన ఆ చేతుల ఫోటో చూశాక, తిరుపతి నుంచే ఫోన్లో బావను ఉతికి ఆరేశాను. ఈ ప్రయాణం అలా మొదలైంది. చదును అడుగు పడవ ఒకటి, దానికి తగిన మోటారు ఒకటి కొనాలి. పులికాట్ చుట్టుపక్కల అలాంటి పడవలు చేస్తారు కాబట్టి సూళ్లూరుపేట వెళ్దామనుకున్నాం.

సోమవారం తెల్లవారుజామునే బయల్దేరి ఎండ ముదరకముందే చేరాలన్నది నా ఆలోచన. అక్కా బావా కిరాయి మినీ లారీలో తిరుపతి వచ్చేసరికి ఏడున్నర అవుతోంది. బావ దిగి, మా వీధి చివర టీ కొట్టు బెంచీ మీద తీరిగ్గా కూర్చున్నాడు.

"రాహుకాలం మే. తొమ్మిది దాకా బండి కదలదు."

"పడవ కొనేది ఆడికి పోయినాక గదా బావా!"

"బయల్దేరేది ఈడనే గదా!"

డ్రైవరు మస్తాన్ నా వైపు జాలిగా చూసి తనూ ఒక టీ చెప్పుకున్నాడు. తొమ్మిది దాటాక శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరి, అక్కడ ఆలస్యంగా ఇడ్లీలు తిని హైవే ఎక్కాం. మామూలుగా రెండున్నర గంటల దారి. మినీ లారీకి ఇంకో అరగంట వేసుకోండి. ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్న ముగ్గురిలో ఎక్కువగా మాట్లాడింది బావే. అదీ మోటారు గురించే. పదిహేను హార్స్ పవర్‌కి తగ్గేది లేదట. వాళ్ల చెరువు ఈ కొస నుంచి ఆ కొసకు కేక వేస్తే వినిపిస్తుంది. ఆ మాటే అన్నాను. విననట్టు కిటికీలోంచి బయటికి చూశాడు.

పడవల షెడ్డు ఊరి బయట ఉప్పుటేరు పక్కనే ఉంది. దాని యజమాని ఏకాంబరం ఫైబరు పడవలు నాలుగు చూపించాడు. పన్నెండడుగుల పడవ ముగ్గురికీ నచ్చింది. అడుగు బల్లలా చదునుగా ఉంది, అంచు మీద కూర్చున్నా పెద్దగా ఒరగలేదు. ఇంత సులువుగా అయిపోయిందా అనుకున్నాను. తొందరపడ్డాను. మోటార్ల దగ్గరికి రాగానే బావ అన్నిటికన్నా పెద్దదాని మీద చెయ్యి వేసి, ఇక తియ్యలేదు.

"నీళ్లెంతుంటాయన్నా మీ చెరువులో?" అని అడిగాడు ఏకాంబరం.

"తూము కాడ రెండు నిలువులుంటాయి!" అన్నాడు బావ.

"కింద ఏముండాది?"

"ఏముంటాది? చేపలు."

నాకు తల కొట్టుకోవాలనిపించింది. ఆ చెరువు ఏళ్ల తరబడి ఎండిపోయి ఉండేది. లోపల కంపచెట్లు అడివిలా పెరిగాయి. ఈయనే అందులో గొర్రెలను మేపాడు. వానలకు చెరువు నిండేసరికి, కింద ఉన్నదంతా నీళ్లే అయిపోయినట్టు మాట్లాడుతున్నాడు.

"కంపచెట్లుండాయన్నా," అంది అక్క. పొద్దున్నుంచి ఆమె నోరు విప్పింది అప్పుడే. "మేత గుంజల చుట్టూ అవే. నీళ్లలో తిరిగే ఫ్యాను కిందికి వేలాడేది మాకొద్దు, కొమ్మల్లో చిక్కుకుంటాది."

ఏకాంబరం ఇంకో రకం చిన్న మోటారు చూపించాడు. ఇంజను పడవ మీదే ఉంటుంది. వెనక్కి పొడుగాటి కడ్డీ, దాని కొసన ఫ్యాను. కొమ్మలు అడ్డమొస్తే పిడి నొక్కి కడ్డీని నీళ్లలోంచి పైకి లేపుకోవచ్చు. అక్క దాన్ని స్టార్ట్ చేసే తాడు లాగి చూసింది. రెండోసారికి ఇంజను అందుకుంది. బావ చూపించిన పెద్ద మోటారు తాడునూ లాగింది. అది కదల్లేదు.

"ఈ చిన్నది పంపుసెట్టు మాదిరుండాది. పడవకేం బాగుంటాది?" అన్నాడు బావ. అయినా దాన్ని పడవకు బిగించి ఉప్పుటేట్లో ఒక చుట్టు తిరిగొద్దామన్నాను. అక్క పిడి పట్టుకుంది. నేను మధ్యలో, బావ ముందు. ఒడ్డు నుంచి కాస్త దూరం వెళ్లామో లేదో, అక్క కడ్డీని పైకెత్తి చూసింది. పడవ చిన్నగా ఊగింది. బావ గబుక్కున లేచి నిలబడ్డాడు. మరుక్షణం నీళ్లలో ఉన్నాడు.

అలాంటి అరుపు నేనెప్పుడూ వినలేదు. రెండు చేతులతో నీళ్లను కొడుతూ, అక్క పేరు పెట్టి పిలుస్తూ మునిగాడు, లేచాడు. అక్క ఇంజను ఆపేసింది.

"నిలబడబ్బా. మోకాళ్లలోతే."

నిలబడ్డాడు. నిజంగానే మోకాళ్ల లోతు. అయినా రెండు చేతులతో పడవ అంచును గట్టిగా పట్టుకున్నాడు. నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

"నాకు నీళ్లంటే భయం మే," అన్నాడు అక్కతో. "పెద్ద మోటారైతే బిరీన గట్టుకొచ్చేస్తావని..."

"తెలుసు లే," అంది అక్క. "ఎక్కు."

చిన్న మోటారే కొన్నాం. దాంతో పాటు రెండు లైఫ్ జాకెట్లు కూడా.

పడవను లారీకెత్తించి తిరుగు దారి పట్టాం. బావ భయం చూసి జాలి పడాలని నాకూ తెలుసు. కానీ కోపం తగ్గలేదు. తను కాలు పెట్టడానికి భయపడే నీళ్లలోకి, ఈత రాని భార్యను ఇన్నాళ్లూ ట్యూబు మీద పంపాడు. భయమని ఒక్క మాట చెప్పి ఉంటే, ఎవరినైనా కూలికి పెట్టుకునేవాళ్లు. ఆయన భయం తెలిసీ కూలి మనిషిని అడగని అక్క మీదా కోపంగానే ఉంది. ఎందుకు అడగలేదని చెవిలో అడిగితే, "ఆయన సిన్నబుచ్చుకుంటాడు మే," అంది, గీరుకుపోయిన చేతులు ఒళ్లో పెట్టుకుని. నేను ముఖం తిప్పుకున్నాను.

పడవ కొనబోయేవాళ్లకు ఒక్కటే సలహా. దాన్ని రోజూ నడిపేది ఎవరో, వాళ్లకు ఈత వచ్చో రాదో ఇంట్లో అందరి ముందూ గట్టిగా అడగండి. మోటారు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.