అమ్మ రాయి మీద ఏ మాట

అమ్మ సమాధి రాయి మీద ఒక్క మాట చెక్కించడానికి ఇంత రభస అవుతుందని ముందే తెలిస్తే నేను అక్షరాలు నేర్చుకునేదాన్నే కాదు. చదువు రానప్పుడు హాయిగా ఉండేది. తమ్ముడు ఏది చెక్కిస్తే దానికి తల ఊపి, పువ్వులు పెట్టి ఇంటికి వచ్చేసేదాన్ని.

నలభై దాటాక, మా చర్చి సంఘంలో ఆడవాళ్ల కోసం మధ్యాహ్నం పూట పెట్టిన బడిలో తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఆ తర్వాత వచ్చాయి. రాజాంలో ఒక కాలేజీ హాస్టల్ వంటింట్లో పనిచేసేటప్పుడు నూనె డబ్బాల మీదా పిండి బస్తాల మీదా చూసి కూడబలుక్కున్నాను. ఇప్పటికీ పెద్ద మాట ఎదురైతే ముక్కలు చేసుకుంటే గానీ నోరు తిరగదు.

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడిక నాటికి రాయి నిలబడాలి. సమాధుల తోటలో నాన్న పక్కనే అమ్మను ఉంచాం. నాన్న ఊరూరా నడిచి సువార్త చెప్పినవాడు. ఆయన పోయినప్పుడు సంఘమే రాయి వేయించి, పేరు కింద ఇంగ్లీషులో ‘సర్వెంట్ ఆఫ్ గాడ్’ అని చెక్కించింది. అందుకని అమ్మ పేరు కింద కూడా ఇంగ్లీషు మాటే ఉండాలని తమ్ముడి పట్టు. తెలుగులో రాయిస్తే నాన్న పక్కన అమ్మ చిన్నబోతుందట. అమ్మ బతికి ఉండగా ఆమె చిన్నబోతుందేమోనని ఎవరికీ అనుమానం రాలేదు.

అమ్మ పని మనిషి కాదు, పని చేసిన మనిషి. ఇది తెలుగులో చెప్పడానికే నాకు తిప్పలుగా ఉంది, ఇక ఇంగ్లీషులో ఎవరు చెప్పగలరు? చలి మొదలయ్యే రోజుల్లో గోగు కోసి, మోపులు కట్టి, ఊరి చివర గుంటలో ఊరబెడతారు. మోపులు కుళ్లాక ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఒక్కొక్క కట్టె నుంచి నార లాగాలి. ఆ కంపు ఒంటికి పడితే వదలదు. అమ్మ చింతపండుతో చేతులు తోముకుని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకుని ఆదివారం గుడికి వచ్చేది. వచ్చి వెనక వరసలో, గుమ్మం పక్కన, గాలి వచ్చే చోట కూర్చునేది. నాన్న ముందు నిలబడి ప్రార్థన చేసేవాడు. ఆయన ఊళ్లు తిరిగి వచ్చేసరికి ఇంట్లో అన్నం ఉండేది. ఆ అన్నం నారలోంచి వచ్చింది.

తమ్ముడు మొదట తెచ్చిన మాట ‘హార్డ్ వర్కర్’. నాకు ఒళ్లు మండింది. హాస్టల్లో మా వార్డెన్ మేడమ్ ఆ మాట ఎప్పుడు వాడేదో నాకు తెలుసు. పిండి కలిపే ఆమె రాని రోజున నా దగ్గరికి వచ్చి, నవ్వు ముఖంతో ‘నువ్వు హార్డ్ వర్కరువమ్మా’ అని, ఆమె చపాతీలు కూడా నా పీట మీద పెట్టించేది. అదే హాస్టల్లో పిల్లలు ఫ్యాను కింద పుస్తకం ఒళ్లో పెట్టుకుని ‘హార్డ్ వర్క్ చేస్తున్నాం ఆంటీ, టీ ఇస్తారా’ అనేవారు. టీ కాచినదాని పనికి మాత్రం వాళ్ల దగ్గర పేరు లేదు.

వద్దన్నాను. తమ్ముడు నెల్లిమర్లలో జూట్ మిల్లులో పనిచేసి రిటైరైనవాడు. వాడి బతుకంతా డ్యూటీ. డ్యూటీకి ఎక్కడం, డ్యూటీ దిగడం. ‘డ్యూటీ అని పెట్టరాదా?’ అన్నాను కోపంగా. వాడు నిజంగానే ఆలోచించి, డ్యూటీ అంటే సైరను ఉండాలి కదా అన్నాడు. అదీ నిజమే. సైరను మోగితే దిగిపోవచ్చు. అమ్మకు సైరను లేదు.

అప్పుడు తమ్ముడి కూతురు డిక్షనరీ తెచ్చింది. బీఎడ్ చదువుతోంది, తెలివైన పిల్ల. కానీ ఆ డిక్షనరీ రాసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఏ మాట తిప్పినా ఎదురుగా ఒకటే తెలుగు: కష్టపడు, కష్టపడి పనిచేసే, కష్టం. అన్నీ ఒకటే అయితే అన్ని మాటలు ఎందుకు పుట్టాయి?

తమ్ముడికి ‘లేబోరియస్’ నచ్చింది. పొడుగ్గా ఉంది, రాయి నిండుతుంది అన్నాడు. నాకు అందులో లేబర్ వినిపించింది. మా వైపు లేబర్ అంటే లారీ వెనక నిలబడి వెళ్లే కూలీ జనం. అనుమానం వచ్చి ఆ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ నవ్వి, ఆ మాట మనిషికి కాదమ్మా, విసుగు పుట్టించే పనికి వాడతారు అంది. విసుగు పుట్టించే తల్లి అని చెక్కించబోయాం.

తర్వాత ‘ఇండస్ట్రియస్’. దీనికి తమ్ముడే ఒప్పుకోలేదు. అక్కనైన నన్ను వాడు అప్పా అంటాడు.

“ఇండస్ట్రీలో సేసినోణ్ణి నేనప్పా. అమ్మ మిల్లు గేటు కూడా సూళ్లేదు.”

మేనకోడలు తల కొట్టుకుంది. అది వేరు నాన్నా అని చెప్పబోతే, అందరూ అలాగే చదువుతారు అని వాడు వినలేదు. కష్టజీవికి ‘టాయిలర్’ అని ఉంటే, టైలరనుకుంటారన్నాడు. ‘డిలిజెంట్’ గురించి మేడమ్‌ను అడిగితే, శ్రద్ధగా లెక్కలు చేసే పిల్లకు బాగుంటుంది అంది. చివరికి పిల్ల ‘డ్రడ్జ్’ దగ్గర ఆగింది. ఎదురుగా ‘గొడ్డుచాకిరీ చేసే వ్యక్తి’ అని ఉంది. ముగ్గురం ఆ వరస మీదికి వంగాం. ఇదే, అచ్చంగా ఇదే. కానీ మేడమ్ ఆ మాట వద్దే వద్దంది. అది పని ఎంత బరువో చెప్పదట, చేసిన మనిషినే తక్కువ చేస్తుందట. చేయించుకున్నవాళ్లకు ఒక మాట ఉందా అని అడిగాను. ఆవిడ తర్వాత మాట్లాడతానంది.

రాయి చెక్కే అతను రోజూ ఫోన్ చేస్తున్నాడు. మాట చెప్పకపోతే ఖాళీగానే పాతేస్తానన్నాడు. విసిగిపోయి పాస్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన ‘లవింగ్ మదర్’ అని పెట్టమన్నారు. అన్ని రాళ్ల మీదా అదే ఉంది. అమ్మ ప్రేమ చూపించడానికి తీరిక ఎక్కడిది అనుకున్నాను గానీ పైకి అనలేదు. నాన్న రాయి మీద సర్వెంట్ అంటే ఏమిటండీ అని అడిగాను.

“సేవకుడమ్మా. దేవుని వాక్యం చెప్పేవాడు.”

“మా హాస్టల్లో గిన్నెలు తోమే ఆమెని కూడా సర్వెంటే అంతారండి.”

“మాట ఒకటే. అర్థం వేరు.”

“రాయి మీద అర్థం సెక్కరు కదండీ. మాటే సెక్కుతారు. అదే మా అమ్మకీ పెట్టండి.”

తమ్ముడి ముఖం ఎర్రబడింది.

“ఏటప్పా, అమ్మని పనిమనిషంటావేటి? నలుగురూ సూస్తారు.”

“నాన్ననంటే సేవా, అమ్మనంటే సాకిరీనా? ఇంగ్లీషులో ఆ తేడా లేదురా. అది నువ్వే పెట్టినావు.”

పాస్టరుగారు ఇబ్బందిగా కదిలారు. అమ్మగారు ఎప్పుడూ వాక్యం చెప్పలేదు కదా, సంఘం పెద్దలు అడుగుతారు అన్నారు. చెప్పలేదు, నిజమే. వాక్యం చెప్పి వచ్చినాయనకు కాళ్లకు నీళ్లిచ్చింది. ఆయన వెంట వచ్చినవాళ్లకు వండిపెట్టింది. నార కంపు చేతులతోనే వండింది, ఎవరూ తినకుండా లేచి పోలేదు. ఇదంతా నేను గట్టిగానే చెప్పాను. కాలేజీ కుర్రాడిగా మా ఇంటికి వచ్చి అమ్మ చేతి తిండి తిన్న సంగతి పాస్టరుగారికి గుర్తొచ్చిందేమో, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, పెట్టించుకోండి అన్నారు.

దారిలో తమ్ముడు నాకంటే ముందు నడిచాడు. ఊరి దగ్గరకు వచ్చాక, ‘ఆఫ్ గాడ్’ కూడా ఉండాలి, సగం పెడితే ఊరుకోను అన్నాడు. నేను సగం అడగలేదుగా అన్నాను.

రాయి నిలబెట్టారు. నేనే దగ్గర నిలబడి ఒక్కొక్క అక్షరం వేలితో తడిమి, నాన్న రాయితో పోల్చుకున్నాను. రెండూ ఒకటే.

కూడిక అయ్యాక అందరం తోటకు వెళ్లాం. ప్రార్థన ముగిసింది. సంఘం పెద్ద భార్య కొంగు సర్దుకుంటూ రెండు రాళ్లూ చదివింది. నాన్న రాయి దగ్గర తల ఊపింది. అమ్మ రాయి దగ్గర ఆగింది.

“మీ అమ్మ కూడా సేవ సేసినాదేటమ్మా? ఏ ఊళ్లో?”

తమ్ముడు వెనక నుంచి నా మోచెయ్యి గిల్లాడు. ఏదో ఒక ఊరి పేరు చెప్పి ఊరుకోమని. పాస్టరుగారు ఎటో చూస్తున్నారు. ఇన్ని రోజుల కొట్లాట తర్వాత కూడా నాన్నను అడగని ప్రశ్న అమ్మనే అడుగుతారు.

“ఈ ఊళ్లోనే” అన్నాను. ఆవిడ ఇంకా నా ముఖమే చూస్తోంది. గోడ అవతల గోగు ఊరబెట్టే గుంట ఎటు ఉందో చెయ్యి చాపి చూపించాను.