అత్తమ్మ రేడియోకు పెట్టిన బొట్టు

మా అత్తమ్మ ట్రాన్సిస్టర్ రేడియో మూగబోయి చాలా ఏళ్లయింది. ఈమధ్య మతిమరుపు ముదిరి ఆమె కూడా మాట్లాడడం తగ్గించింది. రేడియో వింటే నాలుగు మాటలు మాట్లాడుతుందేమోనని ఆశపడి, సూర్యాపేటలో ఒక మెకానిక్‌కు ఇచ్చాను. ఇవాళ పొద్దున వెళ్లి తెచ్చుకున్నాను.

లోపల బ్యాటరీ కారి తీగలు తుప్పుపట్టాయట. అవి మార్చి, వాల్యూమ్ తిప్పితే వచ్చే గరగర కూడా పోగొట్టాడు. అడగకుండానే పైన కూడా తుడిచాడు.

"స్టేషన్ల అద్దం మీద ఎర్రగ మరక గట్టి ఉండె మేడం, స్పిరిట్ పెట్టి రుద్దిన. సూడుండ్రి, కొత్తదాని లెక్క అయింది" అన్నాడు సంబరంగా.

అది మరక కాదు. అత్తమ్మకు చదువు రాదు. ముల్లు ఎక్కడ ఆగితే పొలం కబుర్లు వస్తాయో అక్కడ నూనెలో తడిపిన కుంకుమతో బొట్టు పెట్టుకుంది. ఏటా దసరాకు రేడియోకు పూజ చేసి, అదే చోట మళ్లీ దిద్దేది. అతనికి థాంక్స్ చెప్పి వచ్చేశాను.

మిర్యాలగూడ ఇంటికొచ్చి, రేడియో ఆన్ చేసి ఆమె ఒళ్లో పెట్టాను. పాట చక్కగా వచ్చింది. ఆమె అద్దమంతా వేలితో తడిమి చూసి, తిరిగి నా చేతికిచ్చింది.

"ఇది మనది కాదు బిడ్డా. ఎవరిదో తెచ్చినవ్. పాపం, వాళ్లు దేవులాడుతుంటరు, ఇచ్చి రాపో."

చాలా రోజుల తర్వాత ఆమె నోట ఇన్ని మాటలు వినడం ఇదే.

ఆ ముల్లు ఎక్కడ ఆగేదో నేనెన్నడూ గమనించలేదు. పాత రేడియోల్లో పొలం కబుర్లు ఏ అంకె దగ్గర వచ్చేవో మీలో ఎవరికైనా గుర్తుందా? బొట్టు నేను పెడతాను. ఆమె నమ్ముతుందని మాత్రం అనుకోవడం లేదు.