వంగిన వేరు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు బియ్యపు గింజలో సగం కూడా ఉండదు. అదొక ఉక్కు ముక్క. ఇంకొకరి పంట్లో విరిగింది, నాలో ఉండిపోయింది. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అరవైల తొలి ఏళ్లలో కదిరిలో పళ్ల వైద్యం మొదలుపెట్టాను. అప్పటిదాకా అక్కడ పన్ను నొప్పికి సంతలో కూర్చునే మనిషి పటకారే మందు. నేను పీకకుండానే నయం చేస్తానని చెప్పుకున్నాను. పంటిని తొలిచి, వేరు లోపలి నరం తీసి, ఆ సన్నటి దారిని శుభ్రం చేసి మూసేస్తే పన్ను నిలుస్తుంది, నొప్పి పోతుంది. జనం దానికి 'నరం తీసేది' అని పేరు పెట్టారు. ఆ మాటతోనే నాకు గౌరవం వచ్చింది.

తనకల్లు వైపు పల్లె నుంచి హనుమక్క వచ్చింది. వెంట ఆమె మొగుడు ఓబులేసు. ఇద్దరూ చేను కూలికి పోయేవాళ్లు. కింది దవడలో పెద్ద పన్ను పుచ్చింది. "పెరికేయ్ సామీ, పీడ పోతాది," అంది. నేను ఒప్పుకోలేదు. ఆమె పన్ను కోసమా, నా పేరు కోసమా? ఆ ప్రశ్న అప్పుడు వేసుకోలేదు.

మద్రాసులో చదివేటప్పుడు పీకిన పళ్లను నిలువునా కోసి చూసేవాళ్లం. ఏ రెండు పళ్ల లోపలి దారీ ఒకటి కాదు. కింది పెద్ద పంటి ముందు వేరులో దారులు చివరికొచ్చి వెనక్కి వంగుతాయి. ఇది నాకు తెలుసు. ఎంత వంగాయో చూడడానికి నా దగ్గర ఎక్స్‌రే లేదు, కాబట్టి వేలికొసలే కళ్లు కావాలి: దారిని గీకే సూదిలాంటి ఆకురాయికి అడ్డు తగిలితే ఆగాలి, బయటికి తీయాలి, కొస కాస్త వంచి మళ్లీ దింపాలి. నేను ఆగలేదు. తిప్పాను. చప్పుడేమీ రాలేదు, వేళ్ల మధ్య పట్టు మాత్రం వదులైంది. తీసి చూస్తే కొస లేదు. వేరులో విరిగిన ఆ ముక్క కింద కుళ్లిన నరం అలాగే ఉంది. ఓబులేసు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను పైన మూసేశాను.

నొప్పి తగ్గలేదని మళ్లీ వచ్చారు. పీకితే ముక్క బయటపడుతుంది, అందుకని పీకలేదు. నరం తీసిన పంటికి నొప్పి తెలియదని ఓబులేసుతో చెప్పాను. అతను పెళ్లాం వైపు తిరిగి నవ్వాడు. "ఇంటివా సామి మాట? పంట్లో నరమే లేదంట. కలుపు తీయను పొమ్మంటేనే వస్తాది దీని నొప్పి." ఆమె నన్ను చూసింది.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె దవడ వాచి ఉంది. చెంప మీద పచ్చి వాత. పంటిది కాని నొప్పి గాలి సోకి వచ్చిందై ఉంటుందని అత్త కొడవలి కాల్చి పెట్టిందట. వాళ్ల ఆలోచనలో తప్పేముంది? డాక్టరు చెప్పిందే నిజమైతే ఆ నొప్పి మరెక్కడిది?

ఆ రోజు పీకాను. ముందు వేరు కొస గొర్రె కొమ్ములా వెనక్కి తిరిగి ఉంది. దాన్ని చీల్చుకుని ఉక్కు మొన మెరిసింది. చుట్టూ చీము. గుప్పిట మూసేశాను.

నోట్లో దూదితోనే ఆమె మాట్లాడింది. "ఈయప్పకు ఒక్క మాట చెప్పు సామీ. అది పంటి నొప్పేనని. నేను దొంగాటలు ఆడలేదని."

ఓబులేసు నా వైపు చూశాడు. ఈసారి నవ్వు లేదు. చెబితే నమ్మేవాడు. పెళ్లాం మాట కన్నా నా మాటను పెద్దది చేసినవాణ్ని నేనే కదా.

"ఇప్పుడు పోయింది కదమ్మా," అన్నాను.

ఆమె కొంగు వాత మీదికి లాక్కుని మొగుడి వెనకే మెట్లు దిగింది.

తర్వాత ఎందరికో నరం తీశాను. జాగ్రత్తగానే తీశాను. అది దీనికి చెల్లవుతుందా? కాదు. ఒకసారి తనకల్లు బస్సెక్కాను, ఆమెను కలవాలని. ఊరొచ్చింది. దిగలేదు. కండక్టరు అడిగితే నిద్రపట్టిందని చెప్పాను. అబద్ధం నాకు అంత తేలిగ్గా వస్తుంది.

ఆమె బతికి ఉందో లేదో తెలియదు. క్షమించమని ఎవరిని అడగాలో కూడా తెలియదు. అయినా ఆమె నన్నేం పెద్దది అడగలేదు, ఒక్క మాట అడిగింది. మొగుడి ముందు అనలేకపోయిన ఆ మాట మీ ముందు అంటుంటే, ఇన్నేళ్లూ బిగిసి ఉన్న గుప్పిట విడుతున్నట్టుంది.

అది పంటి నొప్పే, ఓబులేసూ. ఆమె దొంగాటలు ఆడలేదు.